పన్నెండో మూట

మంగళవారం మధ్యాహ్నం మెత్‌వల్లి లారీ వెనక్కి వచ్చేసింది. సరిహద్దు గేటు దాకా వెళ్ళి, తనిఖీ యార్డులో ఒక పూటంతా నిలబడి, వెళ్ళిన దారినే తిరిగి అల్-అరీష్ గోదాముకి వచ్చింది. వెనక్కొచ్చే లారీలు మా ఊరికి కొత్తేమీ కాదు. సరిహద్దు అవతల గాజా ముట్టడిలో పడి ఏడాది దాటింది. ఇవతల మేము బియ్యం, మందులు, దుప్పట్లు లారీలకెత్తడం, అవి వెళ్ళడం, కొన్ని తిరిగి రావడం రోజూ ఉండే తంతే. కానీ ఈ లారీకి సీలు వేసింది నజ్లా. నాలుగు నెలల్లో ఆమె సీలు వేసిన లారీ ఒక్కటంటే ఒక్కటి తిరిగి రాలేదు.

నజ్లా ఆడపిల్లల బళ్ళో లెక్కల పంతులమ్మ. వేసవి సెలవుల్లో సాయం చేద్దామని ఈ సహాయ సంస్థ గోదాముకి వచ్చి, బడి తెరిచాక కూడా సెలవు పెట్టి ఇక్కడే ఉండిపోయింది. దాతలు పంపిన ప్రతి పెట్టే తెరిచి చూడాలి, చెక్కపీట మీద పేర్చాక ఎత్తు కొలవాలి, ప్లాస్టిక్ చుట్టించాలి, పైన నంబరున్న సీలు బిగించాలి. అదీ ఆమె పని. బారెడు ఎత్తు దాటితే పై వరస దింపించేది, హమాలీలు ఎంత గొణిగినా సరే. "పంతులమ్మ దగ్గర అరమార్కు కూడా రాలదురా" అని వాళ్ళు నవ్వుకునేవాళ్ళు.

ఆమె పరుగులాంటి నడకతో లారీ దగ్గరికి వచ్చేసరికి మెత్‌వల్లి అప్పుడే దిగి తలగుడ్డ దులుపుకుంటున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. డెల్టాలో మీత్ రయ్యాన్ అనే పల్లె. రోడ్డు పక్క వరసలో ఇరవయ్యారు రోజులు లారీ కిందే పడుకుని, నిన్ననే వంతు వచ్చి బయలుదేరాడు.

"ఏం హాజీ, ఏమన్నారు?"

"ఏమంటారు పంతులమ్మా, నా లారీ మొహం నచ్చలేదంట. మా ఆవిడకి నా మొహం నచ్చడానికే పదేళ్ళు పట్టింది, వీళ్ళకి ఒక్క పూటలో ఏం నచ్చుద్ది?" అని నవ్వి, జేబులోంచి నాలుగు మడతలు పెట్టిన చీటీ తీసి ఇచ్చాడు. నవ్వు పెదాల దాకానే వచ్చింది.

చీటీ మీద ఉన్నది ఒక్క ముక్క: పద్దెనిమిదో పీట, లోహవస్తువు.

లారీలో పద్దెనిమిది పీటలు. పదిహేడింటి మీద పసిపిల్లల పాలపొడి డబ్బాలు. అవి ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టే ఉన్నాయి, లెక్కపెట్టుకుంటే చాలు. పద్దెనిమిదో దాని మీద మీత్ రయ్యాన్ ఆడవాళ్ళు పంపిన పురిటిబిడ్డల మూటలు. మూటకి నాలుగు చొక్కాలు, రెండు దుప్పటి ముక్కలు, సబ్బు. పెట్టెకొక మూట చొప్పున పన్నెండు పెట్టెలు.

హమాలీలు ఆ పీట దింపారు. నజ్లా తన సీలు తనే కత్తిరించింది. ప్లాస్టిక్ ఒలిచి మొదటి పెట్టె తెరిచింది. చొక్కాలు తీసి, దులిపి, మళ్ళీ మడిచింది. రెండోది తెరిచింది. మూడోది తెరిచింది. ఏ పెట్టెలో ఉందో ఆమెకి తెలుసు. తెలిసీ వరసగా ఒకటీ, రెండూ, మూడూ అంటూ వెతుకుతోంది. మెత్‌వల్లి లారీ మెట్టు మీద కూర్చుని, చిన్న గ్యాసు పొయ్యి మీద టీ పెట్టుకుంటూ ఆమె చేతుల వంకే చూస్తున్నాడు.

పన్నెండో పెట్టెలో ఉన్న మూట మిగతావాటిలా ముడి వేసింది కాదు. చుట్టూ ఎర్రదారంతో కుట్టేశారు. లారీకెత్తిన రోజున ఆ మూట ఆమె చేతిలోకి రాగానే బరువు తెలిసింది. ఒకసారి ఊపి చూసింది. లోపల ఏదో కిణుక్కుమంది. గిన్నో, చెంచానో అనుకుంది. కత్తెర పక్కనే ఉంది. కానీ పురిటిబిడ్డ మూట కుట్టి పంపితే అది తల్లి చేతికి వెళ్ళాకే విప్పాలి. మధ్యలో పరాయి చెయ్యి దారం తెంపితే బిడ్డకి మంచిది కాదు. దిష్టి తాళ్ళు కట్టుకొచ్చిన పిల్లల్ని చూసి నవ్వే మనిషే నజ్లా. అయినా ఆ రోజు ఆ ఎర్రదారానికి కత్తెర పెట్టడానికి ఆమెకి చేతులు రాలేదు. మూటని అలాగే పెట్టెలో పెట్టేసింది. సీలు బిగించింది.

ఇప్పుడు దారం తెంపింది. చొక్కాల మధ్య దూదిలో చుట్టి, పిడికెడంత ఇత్తడి రోలు. లోపల వేలంత రోకలి. చిన్న సంచిలో ఏడు రకాల గింజలు.

అక్కడున్నవాళ్ళలో ఎవరికీ అదేంటో చెప్పక్కర్లేదు. బిడ్డ పుట్టిన ఏడోరోజున తల దగ్గర ఇత్తడి రోలు టంగుటంగున మోగించని ఇల్లు మా వైపు ఉండదు. ఆ మోత విన్న పిల్ల చప్పుళ్ళకి బెదరదని పెద్దవాళ్ళ నమ్మకం.

"చప్పుడు అలవాటు చెయ్యాలని రోలు పంపారా? గాజా పిల్లలకి మోతలకేం కరువొచ్చిందిరా!" అన్నాడు ఒక హమాలీ.

నజ్లా రోలుని దూదిలో చుట్టి బల్ల సొరుగులో పెట్టింది. మెత్‌వల్లి రెండు గ్లాసుల్లో టీ పోసి ఒకటి ఆమెకి ఇచ్చాడు.

సంస్థకి పెద్ద షౌకీ అనే ఇంజనీరు. ఆయన చెడ్డమనిషి కాదు, అదే వచ్చిన చిక్కు. చెడ్డమనిషైతే ఎదురు తిరగడం తేలిక. వ్యవసాయశాఖలో పనిచేసి దిగిపోయాడు. ఎవరినీ కసరడు, అందరికీ తనే కుర్చీ లాగి వేస్తాడు. బుధవారం పొద్దున్న ఇద్దరినీ గదిలోకి పిలిచాడు.

"కూర్చోండి నజ్లాగారూ. హాజీ, నువ్వూ కూర్చో నాయనా."

మెత్‌వల్లి కుర్చీ అంచున కూర్చున్నాడు. చెప్పులు గుమ్మం బయటే విడిచాడు.

"గేటు ఆఫీసువాళ్ళు కాగితం అడుగుతున్నారు. 'బాధ్యులు' అని ఒక గడి ఉంది. అందులో ఒక పేరు పడాలి. రేపు పొద్దున్న ఇచ్చామా, రేపటి బండ్లలోనే మన లారీ ఉంటుంది. ఇవ్వలేదా, వరస చివరికి పోతుంది. చివర ఎక్కడుందో నీకు తెలుసుగా."

"బిర్-అల్-అబ్ద్ దగ్గరుందండీ. అక్కణ్ణుంచి కదిలి రావాలంటే మూడు వారాలు" అన్నాడు మెత్‌వల్లి.

మూడు వారాలు. నజ్లా ముందురోజు ఎండలో టార్పాలిన్ కింద చెయ్యి పెట్టి చూసింది. పాలడబ్బా రేకు చెయ్యి కాలేలా ఉంది. చల్లటి చోట ఉంచమని ప్రతి డబ్బా మీదా రాసే ఉంటుంది. ఇంకో మూడు వారాలు ఈ ఎండలో ఉంటే అవి బిడ్డలకి పట్టే పాలు కావు. ఇప్పటికే ఇరవయ్యారు రోజులు అయిపోయాయి.

"సంస్థ పొరపాటని రాస్తే?" అని అడిగింది.

"మన లారీలు నలభై ఉన్నాయమ్మా వరసలో. అన్నింటికీ గేటు మూస్తారు." షౌకీ కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "నేనో దారి ఆలోచించాను. హాజీ, ఊరివాళ్ళు దారిలో నీ చేతికేదో మూట ఇచ్చారు. నువ్వు మొహమాటపడ్డావు. సీలు తెంపి లోపల పెట్టావు. అంతే. మనిషన్నాక జరుగుతుంది."

మెత్‌వల్లి కాసేపు తన పాదాల వంక చూసుకున్నాడు.

"తాటిచెట్టు ఎందుకెక్కావంటే దూడగడ్డి కోసమన్నాడంట. పీట విప్పి, పెట్టె తెరిచి, మూట కుట్టి, మళ్ళీ ప్లాస్టిక్ చుట్టానా నేను? నమ్ముతారాండీ?"

"కాగితం మీద ఉంటే నమ్ముతారు."

"నా గేటు పాసు పోద్ది."

"పోతుంది" అన్నాడు షౌకీ. దాచలేదు. "సరిహద్దు తోలకం ఉండదు ఇక. దేశం లోపలి తోలకాలకి నేను ఎక్కడైనా చెప్తాను. రేపు మాత్రం బండి మన ఇంకో డ్రైవరు బకర్ నడుపుతాడు."

ఆ మాటకి మెత్‌వల్లి తలెత్తాడు. "మూటలు అవతలికి నేనే దింపి వస్తానని మా ఊరికి మాటిచ్చానండీ" అన్నాడు. ఆ తర్వాత తనకి తనే సర్దిచెప్పుకున్నట్టు, "సరే. పాలు వెళ్తే చాలు. మనిషెవరైతే ఏంటిలే. రాసెయ్యండి" అన్నాడు.

షౌకీ నజ్లా వైపు తిరిగాడు. "మీరు రిజిస్టర్లో ఒక్క ముక్క రాయాలి. తిరిగొచ్చినప్పుడు చూస్తే పద్దెనిమిదో పీట సీలు తెగి ఉంది, అని."

చెప్పేస్తే అక్కడితో అయిపోయేది. మూట నేను ఊపాను, కిణుక్కుమంది, తెరవలేదు. మూడే ముక్కలు. నజ్లా నోరు తెరిచింది. బల్ల మీద నలభై లారీల కాగితాల దొంతర, పక్కనే మెత్‌వల్లి మోకాళ్ళ మీద పెట్టుకున్న మొరటు చేతులు. నోరు మూసుకుంది. కలం తీసుకుని, పిల్లల పేపర్ల మీద మార్కులు వేసే ఆ గుండ్రటి దస్తూరీతోనే రాసింది: సీలు తెగి ఉంది. సంతకం పెట్టింది.

పెట్టగానే గుండె తేలికపడింది. నిజం చెప్పాలంటే అదే ఆమెకి ఆ తర్వాత పొద్దుగూకేదాకా కంపరం పుట్టించింది. మనిషి ఎదురుగా కూర్చుని తన తప్పు నెత్తినేసుకుంటుంటే తనకి హాయిగా ఎలా అనిపించింది? అవతలి తనిఖీవాళ్ళని ఏడాదిగా నోటికొచ్చినట్టు తిడుతోంది కదా తను, చేసేదంతా చేసి 'మా చేతుల్లో ఏముంది' అంటారని. ఇంటికెళ్ళి ఉడకబెట్టిన బఠాణీ ముందు పెట్టుకుని, రొట్టె తుంచి, తుంచిన ముక్కని తుంచుతూ కూర్చుంది. భర్త ఏమైందని అడిగితే "ఎండ" అంది.

గురువారం పొద్దున్నే గేటు. రఫా సరిహద్దు వైపు రోడ్డు పక్కన లారీలు ఒకదాని వెనక ఒకటి, కంటికి ఆనినంత దూరం. డ్రైవర్లు నీళ్ళడబ్బాలతో మొహాలు కడుక్కుంటున్నారు. ఫూల్ అనే ఉడికించిన చిక్కుడుగింజలు అమ్మే బండివాడు గరిటెతో గిన్నె అంచు మోగిస్తూ వరస పొడుగునా తిరుగుతున్నాడు.

మెత్‌వల్లి ఊరికి వెళ్ళిపోయి ఉంటాడనుకుంది నజ్లా. వెళ్ళలేదు. బకర్‌ని పక్కన పెట్టుకుని లారీ చుట్టూ తిరుగుతున్నాడు. టార్పాలిన్ తాళ్ళు ఒక్కొక్కటీ లాగి చూసి, సడలిన ముడి విప్పి మళ్ళీ వేశాడు.

"మూడో గేరు మొండిది, బకరూ. తిడితే వినదు. క్లచ్చి రెండుసార్లు తొక్కి అప్పుడు వెయ్యి. బ్రేకు మెల్లిగా. పాలడబ్బాలయ్యా, ఇటుకలు కాదు."

"అలాగే బాబాయ్."

"ఎడమవైపు అద్దం గాలికి వంగుద్ది. దాన్ని నమ్మకు, తల బయట పెట్టి చూసుకో."

"పిల్లనిస్తున్నట్టు అప్పగింతలు పెడుతున్నావేంటి బాబాయ్!" అన్నాడు బకర్. మెత్‌వల్లి వాడి వీపు మీద ఒకటి చరిచాడు. చరిచి మొహం అటు తిప్పుకున్నాడు.

గేటు ఆఫీసంటే ఇనుప కంటైనరు. అందులో ఒక బల్ల, ఒక ఫ్యాను, ఒక కెప్టెన్. మన వైపు ఆఫీసరే. పడుచువాడే గానీ నిద్రలేమితో కళ్ళ కింద నల్లగా అయిపోయాడు. నజ్లా కాగితాలు బల్ల మీద పెట్టింది. పాసు అప్పగించడానికి మెత్‌వల్లి వెనక నిలబడ్డాడు.

కెప్టెన్ మొదటి కాగితం చదివాడు. రిజిస్టరు నకలు చదివాడు. మళ్ళీ మొదటిది తీశాడు.

"సీలు తెగిందా?"

"ఊఁ."

"దారిలో?"

నజ్లా తలూపింది.

"అయితే ఈ బండి ఇవాళ వెళ్ళదు మేడం." కాగితాలు ఆమె వైపు జరిపాడు. "దారిలో సీలు తెంపి ఒక పీట విప్పారంటే, మిగతా పదిహేడూ విప్పలేదని నమ్మకమేంటి? సీలు తెగిన బండి మొత్తం దింపాలి, డబ్బా డబ్బా మళ్ళీ చూడాలి, కొత్త నంబరు తీసుకోవాలి. పోయిన నెల నుంచీ రూలు బయట గోడకి అంటించే ఉంది. మీ ఇంజనీరుగారు చూళ్ళేదా?"

ఇంజనీరుగారు గేటు మొహం చూసి మూడు నెలలైంది. నజ్లాకి ఒక్క క్షణం చెవుల్లో ఫ్యాను మోత తప్ప ఏదీ వినపడలేదు. లారీని దాటించడానికే కదా ఈ అబద్ధం ఆడింది! చేతులారా తనే గొయ్యి తవ్వి అందులోకి ఆ పాలని తోసింది.

"కొత్త నంబరంటే ఎక్కడ?" వెనక నుంచి మెత్‌వల్లి గొంతు.

"చివర హాజీ. బిర్-అల్-అబ్ద్."

"బాబూ, పాలండీ అవి. పసిపిల్లల పాలు."

"నా చేతుల్లో ఏముంది హాజీ? నేను రూలు రాసినవాణ్ణి కాదు, చదివేవాణ్ణి."

"సీలు తెగకపోతే?" అని అడిగింది నజ్లా.

కెప్టెన్ తలెత్తాడు.

"సీలు బాగానే ఉండి, తప్పు సర్దిన చోటే జరిగితే?"

"అప్పుడు తప్పు ఆ ఒక్క పెట్టెదే. అది తీసేసి, పీటకి కొత్త సీలు వేసి, ఇవాళే పంపుతాం. కానీ మీరు రాసింది అది కాదు కదా."

"రాసింది అబద్ధం."

ఎంత మామూలుగా వచ్చిందో ఆ మాట, ఆమెకే వింతగా అనిపించింది. "సీలు తెగలేదు. దారిలో ఎవరూ ఏదీ పెట్టలేదు. ఆ మూట గోదాములో నా చేతికే వచ్చింది. ఊపితే లోపల చప్పుడైంది. తెరవకుండా సీలు వేశాను. మంగళవారం ఆ సీలు కత్తిరించింది కూడా నేనే, దాని ముక్కలు నా సంచిలోనే ఉన్నాయి, చూడండి."

"ఎందుకు తెరవలేదు?"

"పురిటిబిడ్డ మూట. కుట్టేసి ఉంది."

కెప్టెనూ ఏదో ఒక తల్లి కన్నవాడే, అతని తల దగ్గరా ఎవరో రోలు మోగించే ఉంటారు. కొత్త ఫారం ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు.

"బాధ్యుల గడిలో ఒక్క పేరే పడుతుంది మేడం. ఎవరి పేరు పడితే వాళ్ళ పాసు ఇక్కడ పెట్టి వెళ్ళాలి. సీలు బల్ల దగ్గర మళ్ళీ కూర్చోకూడదు. మీ సంస్థ లారీలకి రెండు నెలలు రెట్టింపు తనిఖీ ఉంటుంది. మూసెయ్యడాలూ అవీ ఉండవు, ఎవరు చెప్పారో గానీ."

మెత్‌వల్లి ముందుకొచ్చి కలం మీద చెయ్యి వేశాడు. "నా పేరు రాసుకోండి బాబూ. లోపలేముందో నాకు తెలుసు. మూట కట్టిచ్చింది మా అత్తే. చెప్పే ఇచ్చింది. పంతులమ్మ ఊపి చూసినప్పుడు నేనక్కడే ఉన్నాను. నోరు విప్పితే రోలు తీసేస్తారని ఊరుకున్నాను."

నజ్లా అతని వైపు తిరిగింది. "నేను ఊపడం చూశావా హాజీ?"

"చూశాను."

"నిన్న ఇంజనీరుగారి గదిలో ఎందుకు చెప్పలేదు మరి?"

"మీరు చెప్తారేమోనని చూశానమ్మా" అన్నాడు మెత్‌వల్లి. గొంతులో దెప్పిపొడుపేమీ లేదు. అందుకే ఆమెకి ఎక్కువ తగిలింది.

ఆమె అతని చేతి కింద నుంచి కలం మెల్లగా లాక్కుంది. "తెలిసీ చెప్పకపోవడం నీ తప్పు. తెరవాల్సింది నేను. సీలు నాది" అంది. గడిలో పూర్తి పేరు రాసింది. నజ్లా సాబిర్ అల్-కాషిఫ్. మెడలోంచి పాసు తీసి బల్ల మీద పెట్టింది. కెప్టెన్ మెత్‌వల్లి పాసు మెత్‌వల్లికే తిరిగి ఇచ్చేశాడు.

బకర్ అప్పటికే ఇంజను వేడెక్కించి కూర్చున్నాడు. మెత్‌వల్లి వెళ్ళి తలుపు మీద కొట్టాడు. "దిగరా, పెళ్ళి తప్పిపోయింది" అన్నాడు. బకర్ దిగాడు. మూడో గేరు దగ్గర లారీ ఒకసారి గుర్రుమంది, తర్వాత సర్దుకుని గేటు వైపు కదిలింది. పాసు లేనివాళ్ళు గేటు దగ్గర కట్టిన తాడు లోపల నిలబడకూడదు. నజ్లా తాడు బయటికొచ్చి, టీ కొట్టు రేకు నీడలో కూర్చుంది. షౌకీకి ఫోను చేసి జరిగింది జరిగినట్టు చెప్పింది. "రెట్టింపు తనిఖీ అంటే మనుషులు చాలరమ్మా" అన్నాడాయన.

"సీలు బల్ల దగ్గర కూర్చోకూడదన్నారు, పెట్టెలు మొయ్యకూడదనలేదు. శనివారం హమాలీలతో వస్తాను."

"లెక్కల పంతులమ్మ మీరు."

"నడుం నాదేలెండి."

పొద్దు వాలే వేళకి ఖాళీ లారీలు ఒకటొకటిగా బయటికి రావడం మొదలెట్టాయి. మెత్‌వల్లిది ఏడోది. లారీ పక్కకి తీసి దిగి, ఆమె ఎదురుగా బెంచీ మీద కూలబడ్డాడు. ఒళ్ళంతా దుమ్ము. టీ కొట్టువాడు అడక్కుండానే నీళ్ళ చెంబు తెచ్చి పెట్టాడు.

"దింపావా హాజీ?"

"దింపాను. పద్దెనిమిదీ." నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నాడు. "కానీ ఏం చెప్పమంటారు పంతులమ్మా, అక్కడ పైకప్పు లేదు. బయలు. నేల మీద పీటలు, పీటల మీద ఎండ. లోపలి నుంచి బండి వచ్చి తీసుకెళ్ళాలి. ఆ బండికి అనుమతి ఇవాళ రాలేదంట, రేపొస్తదంట."

ఇంత చేసీ, ఇంకో బయల్లో, ఇంకో ఎండలో!

"ఎవరు చూసుకుంటారు మరి? ఎవర్నీ అడక్కుండానే వచ్చేశావా?"

"అడిగాను. అక్కడ లోపలి ఆసుపత్రి తరఫున ఒకావిడ ఉంది, కాగితాలు తీసుకునే మనిషి. మన ఫారం చూసి, 'ఎవరీ నజ్లా?' అంది. చెప్పాను. రోలు సంగతి కూడా చెప్పాను. నవ్వింది. నవ్వి, 'ఏడాదిగా ఈ బల్ల మీదికి కాగితాలొస్తున్నాయి, అన్నింటి మీదా ముద్రలే. బాధ్యులన్న గడిలో మనిషి పేరు చూడ్డం ఇదే మొదలు' అంది."

"పాల సంగతి అడుగుతున్నాను హాజీ."

"చెప్తున్నాగా. నేను బయలుదేరే వేళకి ఆవిడ ఇద్దరు మనుషుల్ని పెట్టి, దుప్పట్లు తడిపి పీటల మీద కప్పిస్తోంది. రాత్రికి ఇంటికి వెళ్ళవా తల్లీ అంటే, వెళ్ళనంది. రసీదు ఇచ్చింది. మీకే ఇవ్వమంది."

జేబులోంచి కాగితం తీశాడు. ఎప్పటిలాగే ముద్ర ఉంది. పీటల లెక్క ఉంది. దాని కింద, అచ్చులో లేని చోట, పెన్సిలుతో ఎవరో ఒక గడి గీశారు. గడిలో చక్కటి దస్తూరీ. నజ్లా కాగితం ఎత్తి వెలుతురులో పెట్టి చదివింది.

"ఇతిమాద్ హస్సాన్ షుబైర్. ఇక్కణ్ణుంచి నేను చూసుకుంటాను."